వేగం మారినా వెలుగు నిలవాలి

1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే ‘సైట్’, కర్నూలు జిల్లాలోని అనేక పల్లెలకు టీవీ తెరను మొదటిసారి చూపించింది. ఆరు రాష్ట్రాల్లో ఎంపికైన సుమారు 2,400 గ్రామాల్లో ఆంధ్రప్రదేశ్ తరఫున కర్నూలు, మహబూబ్‌నగర్, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెలు ఉండగా, నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం పంపే సంకేతాన్ని మూడు మీటర్ల వ్యాసం గల తీగవల యాంటెన్నా అందుకుని, హైదరాబాదు ఈసీఐఎల్ తయారుచేసిన టీవీ పెట్టెకు చేరవేసేది. బడిలోనో పంచాయతీ భవనంలోనో ఉంచిన ఆ పెట్టెల నలుపు తెలుపు తెర సెకనుకు 50 సార్లు వెలిగి ఆరేది. ఇప్పుడు అదే పల్లెల్లో జనం చేతుల్లో ఉన్న మేలు రకం ఫోన్ల తెర, వేలు కదిలినప్పుడు సెకనుకు 120 సార్లు బొమ్మను తిరగరాసి, వేలు ఆగి అక్షరాలు మాత్రమే నిలిచి ఉన్నప్పుడు సెకనుకు 10 సార్లకో, ఒక్కసారికో దిగిపోతుంది. సెకనుకు 50 సార్లు వెలిగే తెరే కొందరి కంటికి అదిరినట్టు కనిపించేది కదా, ఒక్కసారి మాత్రమే తిరగరాసే తెర అదరకుండా ఎలా నిలుస్తుందన్న ప్రశ్నకు జవాబు వెతకడమే ఈ అధ్యాయం పని.

జవాబు కంటి దగ్గర మొదలవుతుంది. రెటీనాలోని కాంతిగ్రాహక కణాలు తమ మీద పడిన వెలుగును క్షణక్షణానికీ విడివిడిగా లెక్కించవు. కొన్ని పదుల మిల్లీసెకన్ల పాటు వచ్చినదాన్ని కూడబెట్టి, ఆ మొత్తాన్నే మెదడుకు నివేదిస్తాయి. కాబట్టి ఒక దీపం తగినంత వేగంగా వెలిగి ఆరుతూ ఉంటే కంటికి అది ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. మిణుకు కనిపించడం ఆగిపోయే ఈ హద్దును మిణుకు విలీన పౌనఃపున్యం అంటారు. పౌనఃపున్యం అంటే ఒక సెకనులో ఒక సంఘటన ఎన్నిసార్లు జరుగుతుందో ఆ లెక్క, దాని కొలమానం హెర్ట్జ్. ఈ హద్దు అందరికీ, అన్ని వేళలా ఒకటే కాదు. వెలుగు పెరిగేకొద్దీ హద్దు కూడా పైకి జరుగుతుందని ఫెర్రీ-పోర్టర్ నియమం చెబుతుంది. వెలిగే వైశాల్యం పెరిగినా అదే జరుగుతుందని గ్రానిట్, హార్పర్ అనే శాస్త్రవేత్తలు 1930లో చూపించారు. మసక వెలుతురులో చిన్న తెర 30 హెర్ట్జ్‌కే నిలకడగా కనిపించవచ్చు గాని, మిరుమిట్లు గొలిపే పెద్ద తెరకు 60 హెర్ట్జ్ కూడా చాలకపోవచ్చు. నేరుగా చూసినప్పుడు నిశ్చలంగా ఉన్న తెర కంటి కొసన పడినప్పుడు అదిరినట్టు అనిపించవచ్చు, ఎందుకంటే వేగమైన మార్పులను పసిగట్టడంలో రెటీనా అంచు భాగం నడిమి భాగం కన్నా చురుకైనది.

దీనితోపాటు గుర్తుంచుకోవలసిన మరో సంగతి ఉంది. 1950ల్లో నెదర్లాండ్స్‌కు చెందిన డి లాంగ్ చేసిన కొలతల ప్రకారం కన్ను అన్ని వేగాల మిణుకులనూ సమానంగా పట్టుకోదు. సుమారు 8 నుంచి 20 హెర్ట్జ్ మధ్యనున్న మార్పులకు అది అన్నిటికన్నా సున్నితంగా ఉంటుంది. ఆ మేరలో వెలుగు ఒక్క శాతం అటూ ఇటూ అయినా చాలు, కన్ను గమనిస్తుంది. రిఫ్రెష్ రేటును, అంటే బొమ్మను తిరగరాసే వేగాన్ని, మార్చుకునే నేటి తెరలకు వచ్చిన చిక్కంతా ఈ ఒక్క శాతం దగ్గరే ఉంది.

తెర మిణుకును అదుపు చేసే పని ఎలక్ట్రానిక్స్ కన్నా ముందు సినిమాలో మొదలైంది. కడప జిల్లా పులివెందుల ప్రాంతం నుంచి వెళ్లిన బి.ఎన్. రెడ్డి 1951లో ‘మల్లీశ్వరి’ని తీసేనాటికి, మాటల సినిమాకు సెకనుకు 24 బొమ్మలన్న లెక్క ప్రపంచమంతటా స్థిరపడి రెండు దశాబ్దాలు దాటింది. కదలిక సాఫీగా కనిపించడానికి 24 సరిపోతుంది గాని, మిణుకు పోవడానికి ఏ మాత్రమూ చాలదు. అందుకని ప్రొజెక్టర్‌లో లెన్స్ ముందు తిరిగే షట్టర్‌కు రెండు రెక్కలు పెట్టి, ఒక రెక్క ఫిల్ము కిందికి జరిగేటప్పుడు వెలుగును ఆపేటట్టు, రెండోది బొమ్మ నిలిచి ఉండగానే మరోసారి ఆపేటట్టు అమర్చారు. దాంతో ఒక్కో బొమ్మ రెండుసార్లు తెర మీద పడి, 24 బొమ్మలతోనే సెకనుకు 48 వెలుగులు వచ్చాయి; మిణుకును ఇంకా తగ్గించవలసిన చోట మూడు రెక్కలు పెట్టి 72 రప్పించారు. కొత్త బొమ్మ ఎన్నిసార్లు వస్తుందన్నది ఒక లెక్క, వెలుగు ఎన్నిసార్లు పడుతుందన్నది వేరే లెక్క అని సినిమా యంత్రం గ్రహించిన ఈ తేడా చాలా విలువైనది. నేటి ఫోన్ తెరలోని అతి నూతన ఉపాయం కూడా, ముందు చూడబోతున్నట్టు, దీని మీదే ఆధారపడి ఉంది.

టీవీ వచ్చేసరికి ఈ 48 కాస్తా 50 అయింది, అది కూడా కంటి కోసం కాదు, కరెంటు కోసం. థర్మల్ విద్యుత్ కేంద్రంలో, ఉదాహరణకు కడప జిల్లా కలమల్ల దగ్గరి రాయలసీమ తాప విద్యుత్ కేంద్రంలో, టర్బైన్ నిమిషానికి 3,000 సార్లు, అంటే సెకనుకు 50 సార్లు తిరుగుతుంది. దేశమంతటా కరెంటు 50 హెర్ట్జ్‌లో ప్రవహించడానికి మూలం ఆ తిరుగుడే. తొలినాటి టీవీ పెట్టెలు కరెంటులోని ఈ అలను పూర్తిగా వడకట్టలేకపోయేవి గనుక, తెర వేగం కరెంటు వేగానికి భిన్నంగా ఉంటే బొమ్మ మీద ఒక మసక పట్టీ మెల్లగా పైకో కిందికో పాకేది. రెండు వేగాలూ ఒకటైతే ఆ పట్టీ కదలకుండా నిలుస్తుంది, కంటికి అంతగా తగలదు. యూరప్, భారతదేశం 50ని, అమెరికా 60ని ఎంచుకోవడం వెనుక ఉన్న కారణం ఇదే. సెకనుకు 50 నిండు చిత్రాలు పంపాలంటే ప్రసార మార్గం రెట్టింపు వెడల్పు కావాలి గనుక, 625 గీతల చిత్రాన్ని బేసి గీతలు, సరి గీతలు అని రెండు అరలుగా విడదీసి, ఒకదాని తరవాత ఒకటి పంపారు. అలా సెకనుకు 25 నిండు చిత్రాలే వచ్చినా తెర 50 సార్లు వెలిగింది. అంటే సినిమా షట్టర్ చేసిన పనినే టీవీ వేరే దారిలో చేసిందన్నమాట. అయినా 50 హెర్ట్జ్ మిణుకు హద్దుకు మరీ దగ్గర. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం తగిలిన చోట ఫాస్ఫర్ పూత క్షణకాలం వెలిగి వెంటనే మసకబారుతుంది కాబట్టి, తెర ప్రకాశం పెంచినకొద్దీ అదురు కనిపించేది.

ద్రవ స్ఫటిక తెరలు, అంటే ఎల్‌సీడీలు, వచ్చాక ఈ బాధ తీరిందని చాలామంది భావించారు, అందులో కొంత నిజం ఉంది. ఈ తెరలో పిక్సెల్ తానుగా వెలగదు. వెనకనున్న బ్యాక్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూ ఉంటే, ప్రతి పిక్సెల్ దాన్ని ఎంత వదలాలో అంత మాత్రమే వదులుతూ, తరవాతి ఆజ్ఞ వచ్చేదాకా అదే స్థితిలో ఉంటుంది. ప్రతి పిక్సెల్ వెనుకా ఒక సన్నని పొర ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. ట్రాన్సిస్టర్ క్షణకాలం తెరుచుకుని కెపాసిటర్‌ను కావలసిన వోల్టేజీ దాకా నింపి మూసుకుంటుంది. ఆ వోల్టేజీ తరవాతి వంతు వచ్చేదాకా నిలవాలి. కాని ట్రాన్సిస్టర్ పూర్తిగా మూసుకోదు. చెమ్మగిల్లే మట్టి కుండలో నీటి మట్టం తగ్గినట్టే కెపాసిటర్‌లో వోల్టేజీ కూడా తగ్గుతూ వస్తుంది. తెరను తిరగరాయడమంటే కుండను మళ్లీ అంచుదాకా నింపడమే. సెకనుకు 120 సార్లు నింపితే రెండు నింపుడుల మధ్య వ్యవధి 8.3 మిల్లీసెకన్లు మాత్రమే గనుక తరుగు తెలియదు. ఒక్కసారే నింపితే అదే పిక్సెల్ 120 రెట్లు ఎక్కువ కాలం పట్టి ఉంచాలి. అప్పటికి మట్టం బాగా పడిపోయి, కొత్త వంతు రాగానే ఒక్కసారిగా ఎగుస్తుంది. మిణుకు అంటే ఆ ఎగుడుదిగుడే.

దీనికి తోడు ఎల్‌సీడీకి ఒక స్వభావదోషం ఉంది. ద్రవ స్ఫటికానికి ఎప్పుడూ ఒకే దిశలో వోల్టేజీ ఇస్తే అందులోని అయాన్లు ఒక పక్కకు చేరి, పాత బొమ్మ నీడ తెర మీద నిలిచిపోతుంది. అందువల్ల ప్రతి ఫ్రేమ్‌కూ, అంటే తెర మీద పడే ప్రతి నిండు చిత్రానికీ, వోల్టేజీ దిశను ధనం నుంచి రుణానికి, రుణం నుంచి ధనానికి మారుస్తూ ఉండాలి. రెండు దిశల పరిమాణం అచ్చంగా సమానంగా ఉంటే కంటికి ఏమీ తెలియదు. ఆధార వోల్టేజీ ఏ కొంచెం పక్కకు జరిగినా ఒక ఫ్రేమ్ కాస్త వెలుగుగా, తరవాతిది కాస్త మసకగా వచ్చి, 60 హెర్ట్జ్ తెరలో 30 హెర్ట్జ్ మిణుకు పుడుతుంది. ఇరుగుపొరుగు పిక్సెళ్లను ఎదురు దిశల్లో నడిపితే ఒకదాని ఎగుడు మరొకదాని దిగుడుతో కలిసి కంటికి సగటే కనిపిస్తుంది. రాయలసీమలోనే, తిరుపతి దగ్గర టీసీఎల్ సంస్థ 2018 డిసెంబరులో శంకుస్థాపన చేసిన డిస్‌ప్లే కర్మాగారం ఉంది. అటువంటి పరిశ్రమల్లో తెర బయటికి వెళ్లే ముందు ఆధార వోల్టేజీని సరిదిద్దే మెట్టుకు పెద్ద పీట వేయడం ఈ మిణుకు రాకుండా చూడడానికే.

ఇక మారే రిఫ్రెష్ రేటు సంగతి. కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్ ఒక్కో బొమ్మను గీయడానికి ఒక్కోసారి ఒక్కో వ్యవధి తీసుకుంటుంది; ఆటలో ఖాళీ మైదానాన్ని గీయడానికి 8 మిల్లీసెకన్లు చాలితే, పొగ, మంట, జనసందోహం ఉన్న దృశ్యానికి 20 పట్టవచ్చు. తెర మాత్రం 16.7 మిల్లీసెకన్లకొకసారి తప్పకుండా తిరగరాసేదైతే, సగం గీసిన బొమ్మ పడి తెర అడ్డంగా చీలినట్టు కనిపించడమో, పాత బొమ్మే మరోసారి పడి కదలిక తడబడడమో జరుగుతుంది. బొమ్మ సిద్ధమయ్యేదాకా తెరనే ఆపి ఉంచితే ఈ రెండూ పోతాయి. 2013 అక్టోబరులో ఎన్‌విడియా సంస్థ జీ-సింక్ పేరుతో ఈ పద్ధతిని ప్రకటించగా, 2014లో వెసా అనే ప్రమాణాల సంస్థ అడాప్టివ్ సింక్ పేరుతో దాన్ని డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణంలో చేర్చింది. 2017లో వెలువడిన హెచ్‌డీఎంఐ 2.1 దాన్ని టీవీలకూ తెచ్చింది. ఫోన్లు, చేతి గడియారాలు ఇదే పద్ధతిని బ్యాటరీ పొదుపు కోసం తీసుకున్నాయి.

కదలికలోని తడబాటు పోయింది గాని, దాని స్థానంలో వెలుగులో తడబాటు వచ్చింది. తెర రంగుల పట్టికను, అంటే ఏ అంకెకు ఎంత వెలుగు రావాలన్న లెక్కను, కర్మాగారంలో ఒక నిర్ణీత వేగం దగ్గర సరిచేస్తారు. వేగం 120 నుంచి 50కి పడినప్పుడు పిక్సెల్ నిండే వ్యవధి, తరిగే వ్యవధి రెండూ మారి, అదే అంకెకు వచ్చే వెలుగు ఒకటి రెండు శాతం మారుతుంది. తెల్లని తెర మీద ఈ తేడా దాగిపోతుంది. ముదురు బూడిద రంగు, రాత్రి దృశ్యం, నల్లటి అడవి వంటి చోట మాత్రం బయటపడుతుంది. ఆటలో వేగం సెకనుకు పదిసార్లు ఎగిసిపడుతూ ఉంటే ఆ ఒకటి రెండు శాతం మార్పు కూడా సెకనుకు పదిసార్లు జరుగుతుంది, అంటే డి లాంగ్ చూపిన అతి సున్నిత మేరలోనే వచ్చి పడుతుంది. 120 హెర్ట్జ్ తెర 10 హెర్ట్జ్ మిణుకును కనబరచడంలోని రహస్యం ఇది. ఎల్‌సీడీకి మరో తలనొప్పి కూడా ఉంది. ధన దిశ ఫ్రేమ్‌లు పొడవుగా, రుణ దిశ ఫ్రేమ్‌లు పొట్టిగా వస్తూ పోతే రెండు దిశల సమతూకం చెడి, అయాన్లు మళ్లీ ఒక పక్కకు చేరతాయి. నియంత్రక చిప్ రెండు దిశల కాలాన్నీ లెక్క కడుతూ అప్పుడప్పుడు సరిచేయక తప్పదు.

విరుగుడులు పలు రకాలు. ఒకటికి మించిన వేగాల దగ్గర రంగుల పట్టికలను విడివిడిగా సిద్ధం చేసి, వేగం మారినప్పుడల్లా తగిన పట్టికకు మారడం అన్నిటికన్నా సూటియైనది. వేగాన్ని ఒక్క గంతులో దించకుండా మెట్లు మెట్లుగా దించితే వెలుగు మార్పు నెమ్మదించి కంటి సున్నిత మేర నుంచి తప్పుకుంటుంది. తెర కనీస వేగం 48 అయినప్పుడు ఆట 40కి పడిపోతే, ప్రతి బొమ్మనూ రెండుసార్లు రాసి 80గా నడుపుతారు. రెండు రెక్కల షట్టర్ చేసినది కూడా ఇదే. అయితే ఆట సరిగ్గా హద్దు మీద 47, 49ల మధ్య ఊగుతూ ఉంటే తెర 94కూ 49కీ మధ్య దూకుతుంది గనుక, ఒకసారి హద్దు దాటాక కొంత దూరం పోయేదాకా వెనక్కి రాకుండా ఎడం పెట్టడం తెలివైన పని.

ఇవన్నీ పైపై చికిత్సలు. రోగమూలం ట్రాన్సిస్టర్ కారడంలో ఉంది. జపానులో హొసోనో బృందం 2004లో ఇండియం, గాలియం, జింకుల ఆక్సైడ్‌తో వంగే ట్రాన్సిస్టర్లను తయారుచేసి చూపించింది. మూసుకున్నప్పుడు ఈ పదార్థం నుంచి కారే కరెంటు సిలికాన్‌తో పోలిస్తే అతి స్వల్పం. ఓఎల్ఈడీ తెరలో, అంటే పిక్సెల్ తానే వెలిగే తెరలో, కరెంటును గట్టిగా తోయడానికి సిలికాన్ ట్రాన్సిస్టర్‌ను, వోల్టేజీని పట్టి ఉంచడానికి ఆక్సైడ్ ట్రాన్సిస్టర్‌ను కలిపి వాడే అమరికను ఎల్‌టీపీఓ అంటారు. 2019లో వచ్చిన ఆపిల్ గడియారం ఎప్పుడూ ఆరని తెరతో సెకనుకు ఒక్కసారి తిరగరాస్తూ పనిచేయగలిగింది దీనివల్లనే. ఈ తెరలు రాసే వేగాన్ని, వెలిగే వేగాన్ని విడదీస్తాయి కూడా: బొమ్మను సెకనుకు ఒక్కసారి రాసినా, పిక్సెల్ మాత్రం మారని లయలో 240 సార్లో అంతకన్నా ఎక్కువో వెలిగి ఆరుతూ ఉంటుంది. సెకనుకు ఒక్కసారి మాత్రమే తిరగరాసే తెర అదరకపోవడానికి కారణం, కన్ను చూసేది రాతను కాదు, వెలుగును కావడమే.

ఆ 240 కూడా అందరికీ చాలదు. ప్రకాశం తగ్గించడానికి చాలా తెరలు కరెంటును తగ్గించవు. వెలిగే వ్యవధిని కుదించి, ఆరిన వ్యవధిని పొడిగిస్తాయి. రాత్రి దీపం ఆర్పి, ప్రకాశం బాగా తగ్గించి చదువుకునే వారికి తలనొప్పి, కళ్ల అలసట రావడానికి ఇదొక కారణమని పలువురు చెబుతారు. ఆ వేగంలో మిణుకు నేరుగా కనిపించకపోయినా, చూపు చప్పున ఒక వైపు నుంచి మరో వైపుకు తిరిగినప్పుడు వెలుగు చుక్కల వరుసగా విడిపోయి తెలుస్తుంది. ఎల్ఈడీ దీపాల కోసం ఐఈఈఈ సంస్థ 2015లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, 90 హెర్ట్జ్ పైన మిణుకు లోతు శాతం పౌనఃపున్యంలో 0.08 వంతు మించకపోతే ముప్పు తక్కువ; అంటే 240 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 శాతం. దీపాలకు చెప్పిన కొలతను తెరకు పట్టించి చూస్తే, పూర్తిగా వెలిగి పూర్తిగా ఆరే 240 హెర్ట్జ్ తెర ఆ గీతను చాలా దూరం దాటిపోతుంది. పౌనఃపున్యం 1,250 దాటితే పూర్తిగా వెలిగి ఆరినా ఆ గీతకు లోపలే ఉంటుంది. తయారీదారులు ఈ అంకెను వెయ్యి పైకి తీసుకుపోవడం, లేదా కరెంటునే తగ్గించి ప్రకాశం దించడం చూసేవారి ఆరోగ్యానికి సంబంధించిన పని. దాన్ని ఖరీదైన ఫోన్లకే పరిమితమైన వేడుకగా ఉంచడం న్యాయం కాదు.

కర్నూలు, కడప వంటి చోట్ల మరో లెక్క కలుస్తుంది, అది ఎండ. తెరల కొలతలు సాధారణంగా 25 డిగ్రీల చుట్టుపక్కల తీసుకుంటారు. ఇక్కడ మే నెలలో గాలి వేడిమే 40 డిగ్రీలు దాటడం మామూలు, ఎండలో ఉన్న ఫోను లోపల ఇంకా ఎక్కువ. వేడి పెరిగేకొద్దీ సిలికాన్ ట్రాన్సిస్టర్ కారడం పెరుగుతుంది, ద్రవ స్ఫటికం చిక్కదనం తగ్గి స్పందన మారుతుంది, కాబట్టి చల్లని గదిలో సరిచేసిన పట్టిక వేడి పొలంలో కొంత తప్పుతుంది. అదే సమయంలో ఎండకు అక్షరాలు కనిపించాలని తెర ప్రకాశం గరిష్ఠానికి పెరుగుతుంది. మరీ వేడెక్కితే ఫోను తనను తాను కాపాడుకోవడానికి ప్రకాశాన్నీ వేగాన్నీ దించేస్తుంది. వేడిలోనూ వెలుగు నిలకడను పరీక్షించి ఆ ఫలితాన్ని అట్ట మీద ముద్రించడం ఈ నేల మీద అమ్మే తెరలకు అవసరమైన నియమం.

కడప దగ్గర కొప్పర్తి ఎలక్ట్రానిక్స్ తయారీ కేంద్రంలో ఏఐఎల్ డిక్సన్ పేరుతో వెలసిన కర్మాగారం సీసీ కెమెరాలను తయారుచేస్తుంది. కెమెరాకు ఇదే సమస్య తిరగబడి ఎదురవుతుంది. 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే ట్యూబులైటు సెకనుకు వందసార్లు ఉబ్బి తగ్గుతుంది గనుక, కెమెరా కన్ను తెరిచి ఉంచే వ్యవధి సెకనులో వందో వంతుకో దాని గుణిజానికో సరిపోకపోతే చిత్రం మీద మసక పట్టీలు పాకుతాయి. అందుకే చాలా కెమెరాల అమరికల్లో 50, 60 అని రెండు ఎంపికలు ఉంటాయి. మన దేశంలో బిగించేవారు 50ని ఎంచుకోవాలి.

2022లో వెసా సంస్థ అడాప్టివ్ సింక్ తెరలకు ధ్రువీకరణ పరీక్షలు మొదలుపెట్టి, వేగం మారుతూ ఉండగా మిణుకు ఎంత వస్తుందో కొలిచి హద్దు విధించింది. దుకాణంలో అట్ట మీద కనిపించే 120, 144, 165 అనేవి గరిష్ఠ వేగాలు మాత్రమే. కనీస వేగం ఎంత, ప్రకాశం తగ్గించినప్పుడు వెలిగే పౌనఃపున్యం ఎంత అన్న రెండు ప్రశ్నలు అడిగి తీరాలి. సమాధానం దొరకకపోతే పరీక్ష చేతిలోనే ఉంది: చీకటి గదిలో తెర మీద తెల్లని పుటను తెరిచి, ప్రకాశాన్ని పావు వంతుకు తగ్గించి, తెర ముందు ఒక పెన్సిలును అటూ ఇటూ వేగంగా ఊపాలి. వెలుగు నిలకడగా ఉంటే పెన్సిలు ఒక్క పలుచని మసకగా సాగుతుంది. వెలిగి ఆరుతూ ఉంటే విడివిడి పెన్సిళ్ల వరుస విసనకర్రలా విచ్చుకుంటుంది, వాటి మధ్య ఎడం ఎక్కువగా ఉన్నకొద్దీ మిణుకు వేగం తక్కువ. కర్నూలు, కడప జిల్లాల ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించే ఉపాధ్యాయులు పౌనఃపున్యం పాఠం చెప్పే రోజున ఈ ప్రయోగాన్ని పిల్లల చేత, వారి ఇళ్లలోని ఫోన్ల మీదనే చేయించాలి.